తిరగబెట్టే దిగులు

నరసరావుపేటలో తెల్లవారేది ఆసుపత్రుల ముందే. మాచర్ల, గురజాల, వినుకొండ వైపు నుంచి వచ్చే మొదటి బస్సులు దిగే జనంలో చాలామంది చేతిలో ఓ ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో ఎక్స్‌రే, రక్తపరీక్ష కాగితాలు, ఖాళీ అయిన బిళ్లల అట్టలు, అన్నిటికీ అడుగున నాలుగు మడతలు పడ్డ ఓపీ చీటీ. మాచర్లలో రైలెక్కితే నడికుడి మీదుగా గుంటూరు పోతుంది గానీ పేట రాదు. పేట డాక్టర్లను నమ్ముకున్నవాళ్లకు బస్సే గతి. రెంటచింతల ఎండలో ఆ ప్రయాణం చేసినవాళ్లను అడగండి, ఒంట్లో కాస్త నెమ్మదించాక మళ్లీ ఆ బస్సు ఎందుకు ఎక్కబుద్ధి కాదో చెబుతారు.

ఆ బస్సు దిగే ఒకామె సంగతి చెబుతాను. ఒక్క మనిషి అనుకోకండి, చాలామందిని కలిపి ఒకరిగా చెబుతున్నాను. ఓ ఏడు మిరప కోతలప్పుడు ఆమె మంచం పట్టింది. జ్వరం లేదు, దెబ్బ లేదు. అన్నం సయించదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్లీ కన్ను మూతపడదు. ఒళ్లంతా మంటలు, ఎవరు పలకరించినా ఏడుపు. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ బలానికని సెలైన్ పెట్టాడు. తర్వాత థైరాయిడ్ పరీక్ష. తర్వాత తాయెత్తు. చివరికి ఎవరో 'నరాల డాక్టరు' అని పేరు మార్చి చెప్పి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకొచ్చారు. రెండు వారాలకు నిద్ర పట్టింది, ఆరు వారాలకు మనిషి మళ్లీ మనిషయింది. "తగ్గింది కదా, ఇంకెందుకా బిళ్లలు, వేడి చేస్తాయి" అన్నారు ఇంట్లోవాళ్లు. చీటీ దేవుడి పటం వెనక్కి వెళ్లింది. మరుసటేడు పత్తి తీతల నాటికి ఆమె మళ్లీ పేట బస్సులో ఉంది.

"ఏమ్మా, బిళ్లలు మానేశావా?"

"తగ్గిందని మానేశానండీ."

"మళ్లీ ఎప్పుడు మొదలైంది?"

"ఏమో అయ్యా, తారీకు చెప్పలేను. కోటప్పకొండ తిరునాళ్లకు బాగానే పోయొచ్చా. నారు పోసేటప్పుడు కూడా బాగానే ఉన్నా."

డిప్రెషన్ తిరగబెట్టే జబ్బని వైద్యం ఎలా కనిపెట్టిందన్న కథ మొత్తం ఆ చివరి జవాబులో ఉంది. అలాంటి జవాబును ఓపిగ్గా విని, రాసుకుని, మళ్లీ ఆర్నెల్లకు అదే మనిషిని వెతుక్కుంటూ వెళ్లి అడగడం నేర్చుకోవడానికి వైద్యులకు దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది. ఈ ఆవిష్కరణలో సూక్ష్మదర్శిని లేదు, కొత్త అణువు లేదు. కాగితం, పెన్సిలు, ఇంటికెళ్లిపోయిన రోగి చిరునామా, అంతే.

'తిరగబెట్టింది' అన్న మాట మనకు కొత్త కాదు. టైఫాయిడ్ తిరగబెడుతుంది, కామెర్లు తిరగబెడతాయి. పథ్యం తప్పినందుకని ఓ కారణం కూడా సిద్ధంగా ఉంటుంది. దిగులుకు మాత్రం ఆ మాట వాడం. దిగులు ఓ కష్టం వల్ల వస్తుంది, కష్టం తీరితే పోతుంది, మళ్లీ వస్తే అది ఇంకో కష్టం వల్లే అనుకుంటాం. అప్పు, అల్లుడు, ఆడపిల్ల పెళ్లి, ఎండిన బోరు: పల్నాడులో కారణాలకు కరువు లేదు. అందుకే రెండోసారి వచ్చింది మొదటిసారి వచ్చిన జబ్బేనని ఎవరికీ తోచదు.

తోచినవాడు జర్మనీలో ఒకడున్నాడు. ఎమిల్ క్రెపెలిన్ హైడెల్‌బర్గ్‌లో మానసిక వైద్యశాల నడిపే రోజుల్లో ఒక్కో రోగికి ఒక్కో అట్టకార్డు రాసేవాడు. చేరినప్పుడు ఎలా ఉన్నాడు, వెళ్లేటప్పుడు ఎలా ఉన్నాడు, మళ్లీ ఎప్పుడొచ్చాడు. సెలవులకు వెళ్లినా ఆ కార్డుల కట్టలు వెంట తీసుకెళ్లి పేర్చి చూసుకునేవాడట. అప్పటిదాకా వైద్యులు రోగి ఈరోజు ఎలా కనపడుతున్నాడో చూసి జబ్బుకు పేరు పెట్టేవారు. క్రెపెలిన్ కార్డులను కాలం వెంబడి చదివాడు. ఒకసారి దిగులుతో, మరోసారి ఉద్రేకంతో వచ్చినవాళ్లూ, ఎప్పుడు వచ్చినా దిగులుతోనే వచ్చినవాళ్లూ మధ్యలో మామూలు మనుషులుగా బతికారని ఆయనకు కనిపించింది. 1899లో తన పాఠ్యపుస్తకం ఆరో ముద్రణలో వీళ్లందరినీ ఒకే జబ్బు కిందికి తెచ్చాడు. వచ్చి, పోయి, మళ్లీ వచ్చే జబ్బు. తర్వాతి తరాలు ఆ జబ్బును రెండుగా విడదీశాయి గానీ, కాలాన్ని చూడాలన్న పట్టుదల మాత్రం ఆయనదే.

అయితే ఆ కార్డులకు ఓ లోపం ఉంది. ఆసుపత్రి గడప దాటి లోపలికి వచ్చినవాళ్లకే కార్డు పడుతుంది. ఇంట్లో ముసుగేసుకుని పడుకుని, ఆర్నెల్లకు లేచి పొలానికి వెళ్లిపోయిన మనిషికి కార్డు లేదు. గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో మన వాళ్లకు పిచ్చాసుపత్రి అంటే విశాఖపట్నం, లేదా మద్రాసులో కీల్పాక్. తర్వాత ఎర్రగడ్డ అన్న ఊరి పేరే తెలుగులో తిట్టయి కూర్చుంది. అంత దూరం తీసుకెళ్లేది చేయిదాటిన మనిషిని మాత్రమే. దిగులుతో గోడవైపు తిరిగి పడుకున్న కోడలిని ఎవరూ రైలెక్కించరు.

ఆ కోడలు చేతికి చీటీ రావాలంటే ముందు ఇంటికి తీసుకెళ్లి మింగగల మందు రావాలి. అది రెండు దారుల్లో వచ్చింది, రెండూ పొరపాటునే. 1952లో న్యూయార్క్ దగ్గర స్టాటెన్ ఐలండ్‌లోని సీ వ్యూ క్షయ ఆసుపత్రిలో ఐప్రోనయాజిడ్ అనే కొత్త మందిచ్చారు. ఊపిరితిత్తుల సంగతి అటుంచి, రోగులు హుషారెక్కి వార్డులో చిందులేశారు. పత్రికల్లో ఫొటోలు కూడా పడ్డాయి. క్షయ మందు దిగులుకు పనికొస్తుందని నేథన్ క్లైన్ 1957లో చూపించాడు. రెండో దారి స్విట్జర్లాండ్‌లో, మున్‌స్టర్‌లింగెన్ అనే సరస్సు ఒడ్డు ఊళ్లో తెరుచుకుంది. గైగీ కంపెనీ జి 22355 అని అంకె మాత్రమే పెట్టిన మందును రోలండ్ కూన్ అనే వైద్యుడికి పంపింది. స్కిజోఫ్రీనియాకు పనికొస్తుందని వాళ్ల ఆశ. దానికి పనికిరాలేదు. కూన్ 1956 జనవరిలో దాన్ని తీవ్రమైన కుంగుబాటులో ఉన్నవాళ్లకు ఇచ్చి చూశాడు. వారం తిరగకముందే మొదటి రోగిలో మార్పు మొదలైంది. అదే ఇమిప్రమిన్. 1957 సెప్టెంబరులో జ్యూరిక్ మహాసభలో ఈ సంగతి చెబితే వినడానికి పట్టుమని పదిహేను మంది కూడా లేరంటారు. ఆ ఆసుపత్రిలో రోగులకు చెప్పకుండా, అనుమతి అడగకుండా ఎన్నో మందులు పరీక్షించారని మన కాలంలో చరిత్రకారులు తవ్వి తీశారు. ఆ సంగతి వదిలేసి కూన్‌ను పొగడటం నాకిష్టం లేదు.

కొద్ది ఏళ్లకే అమిట్రిప్టిలిన్ వచ్చింది. మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో అది నేటికీ ఉంది. ఈ బిళ్లలతో దిగులు ఓపీ జబ్బయింది. రోగి పొద్దున వచ్చి, చీటీ రాయించుకుని, సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. అంతవరకు మేలే. కానీ దానితోపాటు ఓ చీకటి కూడా వచ్చింది. ఆసుపత్రిలో ఉన్న మనిషిని రోజూ చూడొచ్చు. ఇంటికెళ్లిన మనిషి మళ్లీ రాకపోతే ఏమయ్యాడు? డాక్టరు లెక్కలో రానివాడు బాగైనవాడే. మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఆ లెక్కే నడుస్తోంది.

'తగ్గాక ఇంకెన్నాళ్లు మింగాలి?' ఈ ప్రశ్నను పల్నాడు ఇల్లాలు ఎంత సూటిగా అడుగుతుందో, అంతే సూటిగా అమెరికాలో ఓ బృందం అడిగింది. జెరాల్డ్ క్లెర్మన్, సామాజిక కార్యకర్తగా మొదలైన మిర్నా వైస్‌మన్, లండన్‌లో శిక్షణ పొందిన యూజీన్ పేకెల్ కలిసి న్యూ హేవెన్, బోస్టన్ నగరాల్లో 150 మంది మహిళలను తీసుకున్నారు. అందరూ ఓపీ రోగులే, అందరూ అమిట్రిప్టిలిన్‌తో నెమ్మదించినవాళ్లే. అక్కణ్నుంచి ఎనిమిది నెలలు కొందరికి బిళ్లలు కొనసాగించారు, కొందరికి ఉత్తుత్తి బిళ్లలిచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. వీళ్లలోనే సగం మందితో వారం వారం కూర్చుని మాట్లాడారు. 1974లో ఫలితం అచ్చయింది. బిళ్లలు కొనసాగించినవాళ్లకు జబ్బు తిరగబెట్టడం తగ్గింది. మాటలు ఆ పని చేయలేదు గానీ, మొగుడితో, పిల్లలతో, ఇరుగుపొరుగుతో మనిషి మెలిగే తీరు బాగుపడింది, అదీ కొన్ని నెలలు గడిచాక. ఇక్కడో విచిత్రం. మందు బలమెంతో తేల్చడానికి పక్కన పెట్టుకున్న ఆ మాటల పద్ధతే తర్వాత ఓ స్వతంత్ర చికిత్సగా ఎదిగింది. ఇంటర్‌పర్సనల్ సైకోథెరపీ అంటారు. తూకానికి పెట్టిన రాయి తనే సరుకై అమ్ముడుపోయినట్టు.

ఎనిమిది నెలలు సరే, ఎనిమిదేళ్లకు? పదిహేనేళ్లకు? క్లెర్మన్ వదల్లేదు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ 1978లో బోస్టన్, షికాగో, అయోవా సిటీ, న్యూయార్క్, సెయింట్ లూయిస్ ఆసుపత్రుల్లో రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టింది. వార్డులో పడుకున్నవాళ్లూ, ఓపీలో వచ్చి వెళ్లేవాళ్లూ ఇద్దరూ అందులో ఉన్నారు. వీళ్లకు ఏ మందూ ఇవ్వడం పని కాదు. చూస్తూ ఉండటమే పని. మార్టిన్ కెల్లర్ బృందం ఓ ప్రశ్నపత్రం తయారుచేసింది. ఆర్నెల్లకోసారి మనిషిని పట్టుకుని, గడిచిన ఆర్నెల్లను వారం వారంగా విడదీసి అడగాలి. ఏ వారం ఎలా ఉన్నావు? తారీకులు ఎవరికీ గుర్తుండవు. అందుకని పండుగలు, పుట్టినరోజులు, ఇంట్లో జరిగిన విశేషాలను గుంజల్లా పాతి, వాటి మధ్య జ్ఞాపకాన్ని తాడులా లాగేవారు.

'తిరునాళ్లకు బాగానే పోయొచ్చా, నారు పోసేటప్పుడు కూడా బాగానే ఉన్నా' అంది చూశారా, అదే పద్ధతి. మన మనిషి డాక్టరుకు సరిగ్గా చెప్పలేకపోతోందని విసుక్కుంటాం. ఆమె చెప్పింది శాస్త్రమే. రాసుకునేవాడు లేడంతే.

వారాలు పేరుస్తూ పోతే బొమ్మ తేలింది. వరసగా ఎనిమిది వారాలు లక్షణాలు లేకుండానో, పేరుకు మాత్రమే ఉండో గడిస్తేనే కోలుకున్నట్టు లెక్క. ఆ లెక్కన 431 మందిలో సగం మంది మొదటి ఆర్నెల్లలోనే కోలుకున్నారు. ఇది మంచి వార్త. ఐదేళ్లు గడిచినా కోలుకోనివాళ్లు 12 శాతం. ఇది ఎవరూ అనుకోనిది. దిగులు ఎంత పెద్దదైనా ఎప్పటికో అప్పటికి వీడుతుందని క్రెపెలిన్ నాటి నుంచీ వైద్యుల నమ్మకం. ఇక 1999లో వచ్చిన లెక్క ఇంకా గట్టిది. కోలుకున్నవాళ్లను పదిహేనేళ్లు వెంబడిస్తే 85 శాతం మందికి కనీసం ఒకసారి జబ్బు మళ్లీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ, ఆ తర్వాతి సారి వచ్చే ముప్పు 16 శాతం చొప్పున పెరుగుతుందని మరుసటేడు ఇంకో లెక్క తేలింది. బండి చక్రాలు నడిచిన కొద్దీ మట్టిబాటలో గాడి లోతవుతుంది కదా, అలా.

ఈలోగా మాటల దగ్గర ఓ చిక్కు వచ్చింది. ఒకడు తిరగబెట్టిందంటాడు, ఇంకొకడు కొత్తగా వచ్చిందంటాడు, లెక్కలు కలవవు. పిట్స్‌బర్గ్‌లో ఎలెన్ ఫ్రాంక్, ఆమె సహచరులు 1991లో మాటలకు హద్దులు గీశారు. వాళ్ల ఇంగ్లిష్ పదాల కన్నా మన మాటల్లోనే ఇది తేటగా అర్థమవుతుంది. మంట ఆరింది గానీ కింద నివురుగప్పిన నిప్పు ఉంది. గాలి వీస్తే అదే నిప్పు మళ్లీ రాజుకుంటుంది. అది తిరగబెట్టడం. నిప్పు పూర్తిగా చల్లారి, నెలలు గడిచి, మళ్లీ ఎక్కణ్నుంచో రవ్వ వచ్చి పడితే అది కొత్త మంట, మళ్లీ రావడం. బిళ్లలు మానేసిన మన ఆమెకు వచ్చింది ఈ రెండిట్లో ఏది? ఎన్ని నెలలు బాగుందో చీటీ మీద రాసి ఉంటే చెప్పొచ్చు.

నివురు కింద నిప్పును చేత్తో తడిమి చూపించినవాడు యూజీన్ పేకెల్. ఆయన అమెరికా నుంచి బ్రిటన్ తిరిగొచ్చి కేంబ్రిడ్జ్‌లో స్థిరపడ్డాక, తగ్గిందనుకున్న రోగులను దగ్గరగా చూశాడు. కొందరు నిజంగా మామూలయ్యారు. ఇంకొందరిలో కొసరు మిగిలింది: నిద్ర చాలదు, పనిలో ఉత్సాహం లేదు, చిన్నమాటకు నొచ్చుకుంటారు. 1995లో అచ్చయిన ఆయన లెక్కలో కొసరు మిగిలినవాళ్లలో 76 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, మిగలనివాళ్లలో 25 శాతం మందికే. ఓపీ గదిలో ఒక్క నిమిషంలో 'ఇప్పుడెలా ఉంది?', 'పర్లేదండీ' అన్న సంభాషణలో దాక్కునేది ఆ కొసరే. 'పర్లేదు' అనే మాట మన భాషలో ఎంత బరువు మోస్తుందో వేరే చెప్పాలా?

ఇక్కడ కాస్త ఆగాలి. నూటికి 85 అన్న అంకె విని బెదిరిపోయేవాళ్లు ఉంటారు. ఆ అంకె పెద్ద ఆసుపత్రుల్లో కూర్చుని లెక్కించింది. పెద్ద ఆసుపత్రికి ఎవరొస్తారు? మొండి జబ్బువాళ్లు, మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లు. బాల్టిమోర్‌లో మరో బృందం ఇంటింటికీ తిరిగి మామూలు జనాన్ని 23 ఏళ్లు గమనించింది. తొలిసారి డిప్రెషన్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి అది మళ్లీ రానేలేదని 2008లో తేల్చింది. దాదాపు 15 శాతం మందికి మాత్రం ఒక్క ఏడాదైనా తెరిపి ఇవ్వలేదు. రెండు లెక్కలూ నిజమే. తేడా ఎక్కడ నిలబడి లెక్కపెట్టారన్నదే. చెరువు గట్టు మీద కూర్చుంటే ఊరంతా చేపలు పట్టేవాళ్లే కనపడతారు. దీనికి 'వైద్యుడి భ్రమ' అని ప్యాట్రీషియా, జేకబ్ కోయెన్ దంపతులు 1984లోనే పేరు పెట్టారు. డాక్టరుకు తిరిగొచ్చినవాళ్లే కనపడతారు గనక జబ్బు వదలదనుకుంటాడు. ఇంట్లోవాళ్లకు తగ్గిన రోజులే కనపడతాయి గనక జబ్బు పోయిందనుకుంటారు. నన్నడిగితే ఈ రెండిట్లో ఎక్కువ నష్టం చేసేది రెండోదే.

బిళ్లల సంగతికి వద్దాం. బ్రిటన్‌లో జాన్ గెడ్స్ బృందం 31 పరీక్షలను, 4,410 మంది రోగులను ఒక్కచోట చేర్చి 2003లో లెక్క చెప్పింది. తగ్గాక మందు ఆపి ఉత్తుత్తి బిళ్లకు మారినవాళ్లలో 41 శాతం మందికి తిరగబెట్టింది, మందు కొనసాగించినవాళ్లలో 18 శాతానికి. అయితే ఏళ్ల తరబడి మింగుతూ, ఇప్పుడు బాగానే ఉన్నాం, ఆపుదామా అనుకునేవాళ్ల మాటేమిటి? దానికి జవాబు 2021లో వచ్చింది. యాంట్లర్ అనే ఆ పరీక్ష ఇంగ్లండ్‌లో పెద్దాసుపత్రుల్లో కాదు, 150 మామూలు క్లినిక్కుల్లో జరిగింది. అందులో 478 మంది ఉన్నారు. నెమ్మదిగా తగ్గిస్తూ ఆపినవాళ్లలో ఏడాదికల్లా 56 శాతం మందికి తిరగబెట్టింది. కొనసాగించినవాళ్లలో 39 శాతం. ఈ అంకెలను రెండువైపుల నుంచీ చదవాలి. మందు వాడుతున్నా పదిమందిలో నలుగురికి తిరగబెట్టింది. ఆపినా నలుగురికి పైగా ఏడాదంతా నిలబడ్డారు. బిళ్ల ఓ కంచె, కోట కాదు. కంచె ఎప్పుడు తీయాలో రైతు ఒక్కడే రాత్రికి రాత్రి నిర్ణయించుకోకూడదు, డాక్టరుతో కూర్చుని మోతాదు కొద్దికొద్దిగా దించుకోవాలి. మా వైపు జరిగేది అది కాదు. అట్ట అయిపోయిన రోజే మందు ఆగిపోయిన రోజు.

బిళ్లలు కాకుండా ఇంకో కంచె ఉందా అని వెతికినవాళ్లు ముగ్గురు: జిండెల్ సీగల్, మార్క్ విలియమ్స్, జాన్ టీస్‌డేల్. వాళ్లకు దొరికింది బౌద్ధ భిక్షువుల ధ్యానం. శ్వాసను గమనించడం, వచ్చిన ఆలోచనను వెంటబడి పోకుండా చూసి వదిలేయడం. దాన్ని ఎనిమిది వారాల తరగతిగా మలిచి, 145 మందితో 2000లో ఫలితం ప్రకటించారు. మూడుసార్లు, అంతకుమించి జబ్బు పడినవాళ్లలో తిరగబెట్టడం 66 శాతం నుంచి 37 శాతానికి దిగింది. రెండుసార్లే పడినవాళ్లకు దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఎందుకన్నది ఇంకా వాదనే. మాచర్ల పక్కన నాగార్జునకొండ విహారాల్లో ఇక్ష్వాకుల కాలం భిక్షువులు చేసిన సాధనకు దగ్గరి చుట్టమే ఇది. టొరంటో, కేంబ్రిడ్జ్, బాంగర్‌లకు వెళ్లి డిగ్రీ తెచ్చుకుంది. విహారాలు మాత్రం సాగర్ నీళ్ల కింద ఉన్నాయి.

మన దేశంలో ఈ వెంబడించే పని ముందుగా చేసినవారిలో మదురైకి చెందిన ఎ. వెంకోబారావు ఒకరు. ఆయన, నమ్మాళ్వార్ కలిసి 122 మంది డిప్రెషన్ రోగులను మూడేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా గమనించి 1977లో బ్రిటిష్ పత్రికలో రాశారు. కెల్లర్ బృందం పని మొదలుపెట్టడానికి ముందు మాట. కంప్యూటరు లేదు, ఫోను చాలా ఇళ్లలో లేదు. పదమూడేళ్ల తర్వాత ఓ మనిషిని వెతికి పట్టుకోవడమంటే పోస్టుకార్డు రాయడం, కుదరకపోతే ఊరికి వెళ్లడం. ఈ పని గురించి మన పత్రికల్లో ఎవరూ రాయకపోవడం నాకు ఆశ్చర్యం.

మందును ఊరి దాకా తెచ్చే ప్రయత్నాలు కూడా మన చుట్టుపక్కలే జరిగాయి. 1985లో బళ్లారి జిల్లాలో నిమ్హాన్స్ వైద్యులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్లకే మానసిక వైద్యం నేర్పారు. ఆ నమూనాతో 1996లో కేంద్రం దేశంలో నాలుగు జిల్లాలతో పథకం మొదలుపెడితే, వాటిలో ఒకటి అప్పటి మన మెదక్. ఇంత ముందు నడిచిన మనం, 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో లేం. తెలంగాణా లేదు, ఆంధ్రప్రదేశూ లేదు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో నూటికి 85 మందికి వైద్యం అందడం లేదని ఆ సర్వే చెప్పింది. పల్నాడు సంగతి ఆ అంకె కన్నా బాగుంటుందని నేను అనుకోను.

క్రెపెలిన్ కార్డు, కెల్లర్ ప్రశ్నపత్రం చివరికి తెలుగు ఊళ్లో ఓ ఆశా కార్యకర్త చేతికి వచ్చాయంటే నమ్ముతారా? పల్లబ్ మౌలిక్ నాయకత్వంలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ బృందం పశ్చిమ గోదావరి జిల్లాలో ఆ పని చేసింది. మొదట గిరిజన గ్రామాల్లో. ఆశాకు ఓ ట్యాబ్ ఇచ్చారు. ఇంటింటికీ వెళ్లి నిద్ర, ఆకలి, ఉత్సాహం గురించి కొన్ని ప్రశ్నలు అడిగి నొక్కితే చాలు. మార్కులు ఎక్కువొచ్చినవాళ్లను ప్రాథమిక కేంద్రానికి పంపిస్తుంది. అక్కడ డాక్టరు ట్యాబ్ ఏం చేయాలో సూచిస్తుంది. అసలు కిటుకు తర్వాత ఉంది. ముందుగా ఎవరి ఇంటికి మళ్లీ వెళ్లాలో ఆశాకు రంగుల జాబితా కనపడుతుంది. రాని మనిషి బాగైన మనిషి అన్న పాత లెక్కను ఆ జాబితా చెరిపేసింది. అంతకుముందు అక్కడ మానసిక వైద్యం కోసం వెళ్లినవాళ్లు 0.8 శాతం. తర్వాత 12.6 శాతం. ఆ పైన పశ్చిమ గోదావరిలోనూ, హర్యానాలోనూ కలిపి 44 ప్రాథమిక కేంద్రాల పరిధిలో పెద్ద పరీక్ష జరిపారు. ఏడాది తర్వాత ఈ పద్ధతి నడిచిన ఊళ్లలో జబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లలో దాదాపు 75 శాతం మంది తేరుకున్నారు. నడవని చోట దాదాపు 51 శాతం. 2024లో అచ్చయింది.

పశ్చిమ గోదావరి నుంచి పల్నాడుకు కృష్ణ దాటితే చాలు. దాటలేదు. అలాగని ఇక్కడేమీ లేదనను. 2022 ఏప్రిల్ 4న జిల్లా వేరుపడింది. నెలకు రెండుసార్లు డాక్టరే ఊరికి వచ్చే ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిని 2023 ఏప్రిల్ 6న రాష్ట్రమంతటికీ ప్రారంభించింది మన చిలకలూరిపేట పక్కన లింగంగుంట్లలోనే. బీపీ, షుగరు బిళ్లలు గుమ్మంలోకి తేవాలన్న ఆలోచన అది. బీపీ బిళ్ల తగ్గిందని మానకూడదని ఇప్పుడు పల్నాడులో ముసలమ్మకు కూడా తెలుసు. తెలిసింది ఎవరో ఉపన్యాసం ఇస్తే కాదు, నెలనెలా ఒకరు వచ్చి పుస్తకంలో అంకె రాస్తే. ఆ పుస్తకంలోనే దిగులుకు ఓ గడి గీయడానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పదవి అక్కర్లేదు. జిల్లా వైద్యాధికారులు చదువుతున్నారో లేదో గానీ, వాళ్లకు నా మనవి ఇదొక్కటే. ఆ గడి గీయించండి.

మీ ఇంట్లో ఎవరైనా ఈ బిళ్లలు వాడి నెమ్మదించి ఉంటే, దేవుడి పటం వెనక ఉన్న చీటీ తీయండి. వెనక పక్క ఖాళీగా ఉంటుంది. ఏ పండక్కి బాగున్నారు, ఏ పంటప్పుడు నిద్ర తప్పింది, బిళ్ల ఎప్పుడు ఆగింది, రాసి పెట్టండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే తాళం వేసిన చోట పెట్టండి. తెల్లవారుజామున మెలకువలు మళ్లీ మొదలైతే పత్తి తీతలయ్యేదాకా ఆగకండి. పేట బస్సు దొరకని వేళయితే 14416కు ఫోన్ చేయొచ్చు. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు.